ఒక చుట్ట కాలేంత సేపు

తెల్లవారినప్పటి నుంచి డో తెయిన్ మ్యా చాప దులుపుతూనే ఉంది. నిజానికి ఆ రోజు పెట్టుకున్న పని చాలా చిన్నది. అవతలి ఒడ్డు నుంచి ఊ ఫో లాయిన్ తన అక్కనీ, కొడుకునీ వెంటబెట్టుకుని పడవలో వస్తాడు. మెట్లెక్కుతాడు. ఊరేసిన తేయాకు చిటికెడు నోట్లో వేసుకుని, మీ పిల్లని మా వాడికిస్తారా అని అడుగుతాడు. తెయిన్ మ్యా ఆడపెళ్లివారికి తగినంత బెట్టు చేసి ఊఁ అంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు.

పకొక్కూ పట్నానికి ఎగువన ఐరావతి ఏటి పొడుగునా చుట్టలు చుట్టే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వాటిలో తెయిన్ మ్యా ఇంటి చుట్టకున్న పేరు వేరు. మా ఒడ్డున పుట్టినవాడెవడూ కాదనడు, కాదన్నాడంటే వాడికి రుచి తెలియదన్నమాట. భర్త పోయాక ఆ ఇంటిని ఆమె ఒంటిచేత్తో నిలబెట్టింది. అమ్మకానికి చేయించేవి వేలెడు చుట్టలు. తనకోసం కూతురు న్వే యిన్ చేత చుట్టించుకునేది మాత్రం మొక్కజొన్న రేకులో చుట్టిన తెల్లచుట్ట. జానెడు పైన పొడవు, పసిపిల్ల మణికట్టంత లావు. కాల్చేటప్పుడు రవ్వలు రాలి లుంగీ కాలకుండా కింద నీళ్ళు పోసిన కొబ్బరిచిప్ప పట్టుకోవాలి. పొద్దున ముట్టిస్తే సాయంత్రం దాకా వస్తుంది. ముట్టించిన చుట్టని మధ్యలో వదలడం ఆ ఇంటావంటా లేదు.

చిక్కల్లా ముహూర్తంతో వచ్చింది. జోస్యుడు సయా పాన్ రెండు ఇళ్ళకీ ఒకే మాట చెప్పాడు. "విహారంలో భిక్షువుల భోజనం గంట మోగాక ఒక చుట్ట కాలేంత సేపటికి మగపెళ్లివారు మెట్లెక్కాలి. ముందెక్కితే కలహం, ఆలస్యమైతే వియోగం. ఇది తప్పిపోతే భిక్షువుల వర్షావాసం మూడు నెలలూ దాటేదాకా పెళ్లిమాటే ఎత్తకండి."

మా వైపు కాలాన్నీ దూరాన్నీ చుట్టతో కొలవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. ఎవరి చుట్ట అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. న్వే యిన్‌కి మాత్రం ప్రాణం కుదుటగా లేదు. ఆమే, కో సో లిన్ ఒకరినొకరు ఇష్టపడి రెండేళ్ళయింది. ముందు మేమెందుకు కదలాలని రెండు ఇళ్ళవాళ్ళూ బిగుసుకు కూర్చోవడంతోనే ఆ రెండేళ్ళూ గడిచిపోయాయి. ఇప్పుడు తప్పితే ఈ పెద్దలు మళ్ళీ కదులుతారన్న నమ్మకం ఆమెకి లేదు.

గంట మోగింది. తెయిన్ మ్యా దర్జాగా తెల్లచుట్ట ముట్టించింది. పక్కనే ఆమె తమ్ముడు ఊ న్యున్ డబ్బా తెరిచి సిగరెట్టు తీశాడు. ఆయన పకొక్కూలో సినిమా హాల్లో టిక్కెట్లు చింపుతాడు. ఆ హోదాకి సిగరెట్టే తగినదని ఆయన నమ్మకం.

నాలుగు దమ్ములు లాగాడో లేదో ఆయన వేలు చురుక్కుమంది. "అక్కా, అయిపోయింది! వాళ్ళేరీ? ముహూర్తం దాటిపోతోంది!"

"ఏమిటయ్యేది? నాది ఇంకా అంటుకోనే లేదు," అంది తెయిన్ మ్యా పొగ మధ్య నుంచి.

"నీ చుట్ట అయ్యేసరికి మనవలు పుడతారే!" అంటూ ఊ న్యున్ రేవుకి పరుగెత్తాడు.

రేవులో పడవ అప్పటికే వచ్చి కట్టేసి ఉంది. అందులో ఊ ఫో లాయిన్ నిటారుగా కూర్చుని పైపు తాగుతున్నాడు. ఆయన తెల్లదొరల కాలంలో అడవుల శాఖలో పనిచేశాడు. దొర వెళ్ళిపోతూ చేతిలో పెట్టిన పైపు అది. దాన్ని తుడవడం, కూరడం, నొక్కడం, ముట్టించడం, అది ఆరిపోవడం, మళ్ళీ ముట్టించడం, ఇదంతా ఒక పూట పని.

"ఏమండీ, ఇక్కడే కూర్చున్నారేం? లేవండి, వేళ మించిపోయింది!" అన్నాడు ఊ న్యున్ రొప్పుతూ.

"ఎవరి లెక్కన? నాది సగం కూడా కాలేదు. మధ్యలో మూడుసార్లు ఆరిపోయింది కూడాను."

"ఆరిపోయినప్పుడు కాలం ఆగుతుందా?"

"నిప్పు లేనప్పుడు కాలడమెక్కడిదయ్యా? ఆగినట్టే లెక్క!"

ఊ న్యున్ మంచి మనసుతోనే తన డబ్బా చాపాడు. "పోనీ ఇదొకటి తాగెయ్యండి. చిటికెలో అయిపోతుంది, వెళ్ళిపోదాం."

ఊ ఫో లాయిన్ ఆ డబ్బా వైపు చూసిన చూపుకి పడవ నడిపేవాడు కూడా తల దించుకున్నాడు. "కాయితం కాల్చే అలవాటు మా ఇంట్లో లేదు. మాకు కాయితాలు రాసుకోవడానికి."

ఇంతసేపూ తమలపాకు నములుతున్న ఆయన అక్క డో ఖిన్ హ్లా అప్పుడు నోరు తెరిచింది. "ఆడపిల్లవాళ్ళు రేవు దాకా పరుగెత్తుకొచ్చారంటే ఏమిటో మరి. ఇంత తొందరేం వచ్చిందో!"

ఊ న్యున్‌కి తిన్న తేయాకు చేదెక్కింది. ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెబితే గొడవ అక్కడితో ఆగేది. ఆయన దానికి సినిమా హాలు మోతాదులో రంగు అద్దాడు. "మన సిగరెట్టు మీద ఉమ్మినంత పని చేశాడక్కా! పిల్లలో ఏం లోపముందని ఇంత తొందర అంటున్నారు!"

తెయిన్ మ్యా కొబ్బరిచిప్ప కింద పెట్టింది. "తొందరా? నాకా? నా చుట్ట పావు వంతు కూడా కాలలేదు. వెళ్ళి చెప్పు. ఇది అయ్యేదాకా నా మెట్టు మీద ఎవరూ కాలు పెట్టనక్కర్లేదని చెప్పు!"

"అమ్మా, అది అయ్యేసరికి సాయంత్రమవుతుంది!" అంది న్వే యిన్.

"అయితే అవనీ. మన ఇంటి పరువేమైనా సిగరెట్టా, నాలుగు దమ్ములకి అయిపోవడానికి?"

ఊ న్యున్ నొచ్చుకున్నాడు. అయినా వెళ్ళి చెప్పాడు. సాయంత్రం దాకా ఎండలో పడవలో పడుండమన్నారన్న మాట చెవిన పడగానే ఊ ఫో లాయిన్ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. పడవలో కోపంగా లేవకూడదు. పడవ ఒక పక్కకి ఒరిగింది. పైపు, పొగాకు డబ్బా, అగ్గిపెట్టె మూడూ బుడుంగుమన్నాయి. డో ఖిన్ హ్లా పెట్టిన కేకకి అవతలి ఒడ్డు కుక్కలు కూడా మొరిగాయి. తండ్రి కోపం తగ్గుతుందన్న ఆశతో కో సో లిన్ కొత్త పట్టులుంగీతో సహా ఏట్లో దూకాడు. దేవుడి దయవల్ల రెండు వస్తువులు దొరికాయి. పైపు నిండా బురద. డబ్బా మూత తీస్తే పొగాకు గోంగూర పులుసులా ఉంది.

"ఇంకేం పెళ్లి!" అన్నాడు ఊ ఫో లాయిన్. "వెళ్ళి వాళ్ళ ముఖానే చెప్పి వస్తాను, ఈ సంబంధం మాకొద్దని."

ఇంట్లో మాత్రం సయా పాన్‌ని నిలదీస్తున్నారు. ఆయన పొద్దున్నే వచ్చి చాప మీద తేయాకు పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"మీరే తేల్చండి సయా. ఒక చుట్ట అంటే ఏ చుట్ట? అక్కదా, నాదా, ఆ పైపుదా?" అన్నాడు రేవు నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఊ న్యున్.

జోస్యుడు వేయించిన చిక్కుడు గింజ ఒకటి ఏరుకున్నాడు. "నన్నడిగితే ఏం చెప్పను? మా గురువుగారు చెప్పమన్నారు, చెబుతున్నాను. నేనెన్నడూ తాగి ఎరగను. నాకు పొగ పడదు, దగ్గొస్తుంది."

న్వే యిన్ తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కోపంగా అనలేదు, మెల్లగానే అంది. "అమ్మా, నువ్వు తాగే ప్రతి చుట్టా నేను చుట్టిందే. ఎంతసేపు కాలుతుందో నాకు తెలుసు. ఇది అయ్యేలోపు నా పెళ్లి వెళ్ళిపోతుంది."

తెయిన్ మ్యా కూతురి వైపు తిరిగింది. పిల్ల వేళ్ళు చూసింది. చిన్నప్పటి నుంచీ ఆకు చుట్టి చుట్టి వేలి కొసలు గోధుమరంగుకి తిరిగాయి. ఊరంతా మెచ్చుకునే చుట్ట ఆ వేళ్ళలో ఉంది, తను మాత్రం పరువంతా తన నోట్లోనే ఉందనుకుంటోంది. ఆమెకి తన మీద తనకే సిగ్గేసింది. చుట్టా, చిప్పా పట్టుకునే లేచి మెట్ల దగ్గరికి నడిచింది.

మెట్ల కింద ఊ ఫో లాయిన్ నిలబడి ఉన్నాడు. దారి పొడుగునా వల్లించుకొచ్చిన నాలుగు మాటలూ నాలుక చివరే ఉన్నాయి. కానీ గంట మోగినప్పటి నుంచీ సగం పొగతోనే సరిపెట్టుకున్న మనిషి. ఆవలింత మీద ఆవలింత వస్తోంది. "చెల్లెమ్మా, ఈ సంబంధం..." అని మొదలుపెట్టాడు గానీ, ఆయన కళ్ళు ఆమె ముఖం మీద లేవు. చుట్ట మీద ఉన్నాయి.

వ్యసనం ఉన్నవాళ్ళ బాధ వ్యసనం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. తెయిన్ మ్యా మారుమాట లేకుండా రెండు మెట్లు దిగి, తన నోట్లో చుట్ట తీసి ఆయన చేతికిచ్చింది. చిప్ప కూడా ఇచ్చింది. "ముందు ఒక దమ్ము లాగండి అన్నగారూ. తిట్టేది తరవాత తిడుదురు గాని."

ఆయన లాగాడు. ఆగాడు. మళ్ళీ లాగాడు. ఆరిపోయే పైపుని లాగి లాగి నిలబెట్టిన ఊపిరితిత్తులాయె, కొలిమితిత్తిలా పనిచేశాయి. తెయిన్ మ్యాకి సాయంత్రం దాకా వచ్చే చుట్ట ఆయన దగ్గర చూస్తూ చూస్తుండగానే కరిగిపోయింది. ఒక్కో దమ్ముకీ ఒక్కో మెట్టెక్కుతున్నాడు, ఆ సంగతి ఆయనకి తెలియదు. తడిసిన బట్టల్లో కో సో లిన్, వెనకే డో ఖిన్ హ్లా, చప్పుడు చెయ్యకుండా ఆయన వెంట ఎక్కారు. పై మెట్టు మీద పీక చిప్పలో పడి చుయ్యిమంది.

"ముహూర్తం!" అని అరిచి సయా పాన్ దగ్గు అందుకున్నాడు.

ఊ ఫో లాయిన్ తల గిర్రున తిరుగుతోంది. స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "దొరల దగ్గర తాగాను, అడవుల్లో తాగాను. ఇలాంటిది జన్మలో తాగలేదు. ఎవరు చుట్టారిది?"

"మా న్వే యిన్," అంది తెయిన్ మ్యా.

"అయితే ఆలోచించేదేముంది? ఈ పిల్లని మా ఇంటికివ్వండి చెల్లెమ్మా. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను!"

"వద్దని చెప్పడానికి కదురా వచ్చావు!" అంది డో ఖిన్ హ్లా. తమ్ముడు విననే లేదు.

తెయిన్ మ్యాకి కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. పైపు తాగే మనిషి, దొర చేతి పైపు తాగిన మనిషి, తన చూరు కింద నిలబడి తన కూతురి చేతి పనిని పొగుడుతున్నాడు. అవతలి ఒడ్డు మొత్తం తన గుమ్మంలోకి వచ్చి అడిగినట్టే అనిపించింది. ఆ సంతోషంలో పాత బుద్ధి తిరిగొచ్చింది. చాప మీద తాపీగా కూర్చుని, బుట్టలోంచి కొత్త తెల్లచుట్ట తీసింది.

"అడిగారు, సంతోషం. ఆడపిల్ల విషయం కదా, ఇది అయ్యాక ఆలోచించి చెబుతాం," అంది.

ఊ న్యున్ తల పట్టుకున్నాడు. కో సో లిన్ లుంగీ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తెయిన్ మ్యా అగ్గిపెట్టె కోసం తడుముకుంది, దొరకలేదు. తమ్ముడినడిగింది, చిత్రంగా ఆయన జేబులోదీ లేదు. పొయ్యిలోంచి ఒక నిప్పు తెమ్మని కూతురికి చెప్పింది. పొయ్యి మీద బిందెడు నీళ్ళు ఒలికిపోయాయని న్వే యిన్ తల వంచుకుని చెప్పింది.

తెయిన్ మ్యా వెలగని చుట్టని చేతిలో ఒకసారి తిప్పింది. కూతురి వంక చూసింది. "నా కూతురే," అనుకుని లోలోపల మురిసిపోయింది. "సరే అన్నగారూ, పిల్ల మీదే," అంది పైకి.

ఆ పూట వియ్యాలవారికి భోజనం పక్కింటివాళ్ళు పెట్టారు.