ముకైజిమా గారి పద్నాలుగవ క్షమాపణ

ఒకుమినె నియోజకవర్గ పార్లమెంటు సభ్యులు శ్రీ ముకైజిమా సదయోషి గారు తమ పద్నాలుగవ క్షమాపణను దిగ్విజయంగా ముగించుకుని, మునుపటికంటే ఎక్కువ మెజారిటీతో తిరిగి ఎన్నికయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పద్నాలుగూ రాసింది నేనే. నా పేరు ఉరానో. ఇరవై రెండేళ్లుగా వారి కార్యదర్శిని.

తాతగారు, తండ్రిగారు వెచ్చబెట్టి ఉంచిన కుర్చీలోనే మా గురువుగారు (ముకైజిమా గారిని మేమంతా అలాగే పిలుస్తాం) కూర్చున్నారు. మొదటి క్షమాపణ కర్బూజాల గురించి. మా దేశంలో నాయకుడు ఓటరుకు అగ్గిపెట్టె ఇచ్చినా నేరమే. వారు చావు ఇళ్లకు కర్బూజాలు పంపారు. "పంపినది నా కార్యదర్శి, నాకేమీ తెలియదు" అని నేను రాసిచ్చాను, వారు నావైపు చూపిస్తూ చదివారు. నేను రాజీనామా చేసి, మూడు నెలల తర్వాత మళ్లీ చేరాను. అలా ఇప్పటికి అయిదుసార్లు. తర్వాత వారు రవాణా మంత్రి అయ్యారు. తమను వదిలి వెళ్లిపోయిన రైలును ఫోను చేసి వెనక్కి రప్పించుకున్నారు. కర్బూజాలను మన్నించిన దేశం నాలుగు నిమిషాల ఆలస్యాన్ని మన్నించలేదు. మంత్రి పదవి తొమ్మిది రోజులకే పోయింది.

మా ఊరు మాత్రం మన్నించింది. ఎందుకంటే గురువుగారు వంగితే చూడముచ్చటగా ఉంటుంది. అసౌకర్యానికి నడుము కొంచెం, అవమానానికి సగం, ఎన్నికలకైతే మోకాళ్లూ నుదురూ నేలకు. ఈ కొలతలు నేర్పిందీ నేనే. అందరి ఇళ్లకులాగే మా ఇంటికీ తిండి గింజలు రావాలి కదా.

కిందటి అక్టోబరులో ఏ చిన్న ఊళ్ల ప్రసూతి వార్డులు మూసెయ్యాలో తేల్చే సంఘం సమావేశమైంది. గురువుగారు చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని దీర్ఘాలోచనలో ఉన్నారు. చిన్న గురక కూడా వినిపించిందని ప్రత్యర్థులు అంటారు. "ఆమోదించేవారు లేచి నిలబడవలసిందిగా మనవి" అన్నారు అధ్యక్షులు. కుర్చీల చప్పుడుకు గురువుగారు కళ్లు తెరిచారు. పక్కనున్న వాళ్లంతా నిలబడి ఉన్నారు. వారి జీవితంలో జనం ఎదుట నిలబడటానికి ఒక్కటే కారణం ఉండేది. లేచి, నడుము సగానికి వంచారు. ఆమోదంగా లెక్కవేశారు. ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. జాబితాలో మా ఊరి వార్డూ ఉంది.

సాయంత్రం ఫోను చేశారు.

"ఏమయ్యా ఉరానో, ఇందాక నేను దేనికి లేచినట్టు?"

"మన ఊళ్లో కాన్పులు ఆపెయ్యడానికండి."

"అయ్యయ్యో. మరి బాగానే వంగానా?"

"బ్రహ్మాండంగా వంగారండి. టీవీలో చూశాను."

అప్పటికి మా అమ్మాయి మియొకు అయిదో నెల.

డిసెంబరు చివర్లో వార్డుకు తాళం పడింది. ఫిబ్రవరిలో, మంచు మీద మంచు కురుస్తున్న మధ్యాహ్నం, కొండ అవతలి ఆసుపత్రికి అల్లుడి చిన్న వ్యానులో బయలుదేరాం. వార్డుతోపాటు ఉద్యోగం పోయిన మంత్రసాని తబుచి సుమి గారు, పిలవగానే చేతిసంచీతో వచ్చి ఎక్కారు. ఆవిడ రాకపోతే ఏమయ్యేదో నేను ఈరోజుకీ ఆలోచించను. సొరంగం మధ్యలో ముందు లారీలు ఆగిపోయాయి. అక్కడే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. మూడు నిమిషాలు ఏడవలేదు. ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక, నాకు తెలిసిన దేవుళ్లందరికీ క్షమాపణ చెప్పుకున్నాను. ఇది లెక్కలోకి రాదు. చివరికి వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మూడు వారాలకు ఎన్నికలు వచ్చాయి. తబుచి గారు పోటీకి దిగారు. పురమందిరంలో నిటారుగా నిలబడి, వార్డు ఎలా తెరిపించవచ్చో పది నిమిషాల్లో చెప్పి కూర్చున్నారు. తర్వాత గురువుగారు చల్లటి చెక్కనేల మీద మోకరిల్లి, నుదురు ఆనించి, నేను రాసిచ్చిన నాలుగు మాటలు గద్గదంగా చెప్పారు. మూడో వరసలో ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

"పాపం, అంత పెద్దమనిషి నేలకు తల ఆనించాడే."

"వాళ్ల నాన్న కూడా అచ్చం ఇలాగే ఆనించేవాడమ్మా."

"ఆ మంత్రసాని చూడు, ఒక్కసారైనా క్షమించమందా? అంత గర్వం ఎందుకో."

ఆవిడ ఏం తప్పు చేసిందని ఎవరూ అడగలేదు. నా వాక్యాలు నాకే కన్నీళ్లు తెప్పించాయి కాబట్టి నేనూ అడగలేదు.

పోలింగు గదిలో, మాకు అలవాటైన పద్ధతిలో, పెన్సిలు పట్టుకుని అభ్యర్థి పేరు మన చేత్తోనే రాయాలి. సొరంగంలోని మూడు నిమిషాలు గుర్తొచ్చాయి. గురువుగారి ఎర్రగా కందిన నుదురూ గుర్తొచ్చింది. ఒక్కసారి కూడా క్షమాపణ అడగని మనిషిని ఎలా నమ్మడం? రాసి, మడిచి, పెట్టెలో వేసి బయటికి వచ్చాను.

మెట్ల దగ్గర మియొ బాబును ఎత్తుకుని నిలబడి ఉంది.

"ఎవరి పేరు రాశావు నాన్నా?"

"అది చెప్పకూడదమ్మా. చట్టం ఒప్పుకోదు."

అది నా మొహంలోకి చూసింది.

"బాబును ఇటివ్వు, నువ్వు లోపలికి వెళ్లిరా" అన్నాను.

"వద్దులే. సొరంగంలో వీణ్ణి పట్టుకున్న ఆవిడ పేరు రాయబోతున్నాను. వీడు నా దగ్గరే ఉంటాడు."

బాబుతో లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నన్ను చూసి, గురువుగారు ఎంత బాగా మాట్లాడారో అన్నారు. ఆ మాటలు రాసినవాణ్ణి, పొంగిపోవలసింది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను.