“లేరు” అని రాసిన వడ్రంగిపిట్ట

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఆఫీసులు పెట్టుకునేంత పెద్దది లెండి, ఒక ఏనుగుకి క్షయ పట్టుకుంది. పేరు సింహాచలం. ఆవిడ దగ్గితే కొమ్మల మీది కోతులు రాలిపడేవి. అంటురోగమని ఆవిడ రెండేళ్ల గున్నని వాగు అవతలే ఉంచేశారు. అది అటు ఏడిస్తే ఈవిడ ఇటు దగ్గుతూ ఏడ్చేది.

క్షయ శాఖ అధికారి నక్కగారు. ఆయన వడ్రంగిపిట్ట చేతికి రిజిస్టరిచ్చి తొండంలోంచి ఊపిరితిత్తుల్లోకి పంపారు. పని తేలికే. హాజరు పిలవాలి, పలికిన క్రిమిని పొడిచెయ్యాలి.

చురుకైన క్రిములన్నీ పలికి పోయాయి పాపం. బద్ధకం క్రిములు మాత్రం ముసుగుతన్ని పడుకున్నాయి. ఎంత పిలిచినా పలక్కపోతే, వాటి పేర్ల ఎదురుగా పిట్ట “లేరు” అని రాసుకొచ్చింది.

నక్కగారు అది చదివి కళ్లు తుడుచుకున్నారు. లేరంటే పోయారనేగా! రెండు నిమిషాలు మౌనం పాటించి, క్షయ పీడ విరగడైందని ప్రకటించి, పిట్టకి శాలువా కప్పి, గున్నని రమ్మన్నారు. అది సగం వాగు దాటిందో లేదో సింహాచలం దగ్గింది. శాలువా ఎగిరిపోయింది, పిట్టతో సహా.

గున్నని మళ్లీ అవతలికి తోలేశారు. ఆ తల్లి ముఖం చూడలేకపోయామండీ.

ఆ క్రిములు చావలేదు, నిద్రపోతున్నాయి, నేను లేపుతానంటూ అడవికోడి వచ్చింది. మేలుకొలుపు వేరే శాఖ, ఒక ఫైలు మీద ఇద్దరు కుదరదన్నారు నక్కగారు. బతిమాలితే సోమవారం కోడి, మంగళవారం పిట్ట వెళ్లేట్టు ఉత్తర్వు ఇచ్చారు. సోమవారం క్రిములు లేచి, ఒళ్లు విరుచుకుని, పిల్లల్ని కని, మళ్లీ పడుకున్నాయి. మంగళవారం పిట్ట “లేరు” అని రాసింది.

సింహాచలానికి ఒళ్లు మండింది. ఉత్తర్వు నమిలి మింగేసి, కోడినీ పిట్టనీ తొండంతో ఒక్క పీల్పున లోపలికి లాక్కుంది.

“ఇద్దరూ కలిసి కానివ్వండి. నా బిడ్డని ముట్టుకుని ఏడాదయింది” అంది.

కోడి కూసింది. “ఆఁ, ఉన్నాం” అని ఆవలించినవాణ్ణల్లా పిట్ట పొడిచింది. ఒక్కరోజు మానకుండా ఆరు నెలలు ఇదే పని. ఆఖర్న కోడి ఎంత కూసినా ఎవరూ లేవలేదు. పిట్ట “లేరు” అని రాసింది, ఈసారి నిజంగానే లేరు. గున్న వాగు దాటొచ్చి తల్లి కాళ్ల మధ్య దూరింది. ఎంత లాగినా ఇవతలికి రాలేదు.

ఆ కబురు చెప్పడానికి కోడీ పిట్టా నక్కగారి ఆఫీసుకెళ్లాయి. అప్పుడు మిట్టమధ్యాహ్నం. కోడి గొంతు పోయేదాకా కూసింది. బల్లల మీంచి ఒక్క తలా లేవలేదు. పిట్ట నిట్టూర్చి రిజిస్టరు తీసింది.

నీతి: క్రిములే నయం, కోడి కూస్తే లేస్తాయి.