మూడు చెప్పుల బర్రె

జువ్వలపాడులో పదమూడేళ్లు నిండిన పిల్లలు ఊసుపోక గోడ వంక చూస్తూ కూర్చుంటే, ఆ చూపుకి గోడ అరిగి గుంత పడుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చదువుకునే కుర్చీకి ఎదురుగా, కంటి ఎత్తున ఒక గుండ్రటి గుంత ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి దేవుడి గూడు ఎటు రావాలని అడిగినట్టే చూపుగోడ ఎటు రావాలని కూడా అడిగి, ఆ ఒక్క గోడనీ రెండిటుకల మందాన లేపుతాడు.

ఎంత వయసుకి ఎంత లోతు పడాలో చూపుగుంతల శాఖ ఏనాడో తేల్చింది. పదమూడుకి గోరు మందం, పదహారుకి నాలుగు వేళ్లు, పద్దెనిమిదికి ఒక ఇటుక. పంతొమ్మిది నిండాక చూపులో పదును పోతుందని శాఖ నమ్మకం. గుంత తక్కువ పడితే పిల్ల కుదురుగా కూర్చోవడం లేదని అర్థం, తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు. ఎక్కువ పడితే గోడకి ప్రమాదం, మేస్త్రిని పిలిపిస్తారు. రెండిళ్లకీ ఉమ్మడిగా ఉన్న గోడకి ఎదురుగా మాత్రం కుర్చీ వెయ్యకూడదు. వెనక ఒకసారి అటు ఇంట్లో డిగ్రీ కుర్రాడూ, ఇటు ఇంట్లో డిగ్రీ పిల్లా ఒకే చోట చూసి చూసి, ఒకరి కళ్లు ఒకరికి కనబడి, వ్యవహారం పెళ్లిదాకా వచ్చింది. ఆ రూలు అప్పుడు పెట్టిందే.

సుప్రజకి పదహారో ఏడు. ఇంటర్ మొదటి సంవత్సరం. తల్లి మస్తానమ్మ, తండ్రి ఏడుకొండలు, వాకిట్లో ఒక బర్రె. ఎనిమిదో తరగతి నుంచీ సుప్రజ ఆ కుర్చీలోనే కూర్చుని ఆ గోడనే చూసింది. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యాక ఆ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు వేశారు. లైబ్రరీ రోజూ తెరుస్తారు గానీ, ముందొచ్చినవాడు పేపరు చంకన పెట్టుకుని పోయాక మూసేస్తారు. గ్రౌండు మగపిల్లలది. పన్నెండు రంగుల పెన్సిళ్ల డబ్బా ఒకటి ఉండేది. పది పాసయ్యేదాకా అని దాన్ని అటక మీద పెట్టారు. పది పాసయ్యాక, ఇంటర్ కూడా కానీ అన్నారు.

ఏటా జనవరిలో నింపే ఫారం ఏడులో 'పిల్లకు గల కాలక్షేప మార్గములు' అని ఒక కాలమ్ ఉంది. మస్తానమ్మ అందులో 'లేవు' అని రాసి సంతకం పెట్టేది. లేవు అని రాయగలిగిన ఇంటిని ఊళ్లో పద్ధతైన ఇల్లు అనేవారు.

కుర్చీ కాలు విరగడంతో వచ్చింది తంటా అంతా. ఏడుకొండలు ఫ్యాను తుడవడానికి దాని మీదెక్కితే ఒక కాలు చివర విరిగింది. అప్పటినుంచి కుర్చీ కాస్త కుడికి ఒరిగి ఉండేది, సుప్రజ చూపూ కుడికి ఒరిగింది. వారం తిరిగేసరికి గుండ్రటి గుంతకి పైన కుడివైపు ఒక బుడిపె లేచింది. సుప్రజ దాన్ని తేరిపార చూసింది. కొమ్ములా ఉంది. ఒక్క కొమ్ముతో ఏ జీవమైనా బాగుండదు కదా అని, మర్నాటి నుంచి మెడ ఎడమకి వంచి కూర్చుంది. రెండో కొమ్ము కూడా వచ్చింది. ఆ తర్వాత ఆమెకి కుర్చీ సాయం అవసరం లేకపోయింది. చూపుని అంచుల వెంట నడిపి మూతి తీసింది, పొట్ట తీసింది, తోక తీసింది. నాలుగు కాళ్లూ తీశాక, రాబోయేది ఎండాకాలం కదా అని, ఒక్కో కాలికీ చెప్పు వెయ్యడం మొదలుపెట్టింది.

చెప్పు అంటే మాటలు కాదు. దాని తోలు వారు సన్నం, ఒక కన్ను మూసి చూడాలి. ఒక్కో చెప్పుకీ ఇరవై రోజుల పైనే పట్టింది. ఆ రోజుల్లో సుప్రజని అన్నానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చేది. నాలుగేళ్లుగా కదలకుండా మొరాయించిన మధ్యాహ్నాలు ఎప్పుడు వస్తున్నాయో ఎప్పుడు పోతున్నాయో ఆమెకి తెలిసేది కాదు. పిల్ల గోడకేసి చూస్తూ తనలో తను నవ్వుకుంటోందని మస్తానమ్మకి బెంగ పట్టుకుంది. మూడు చెప్పులు అయ్యాయి. వెనక ఎడంకాలిది మిగిలింది.

సరిగ్గా అప్పుడే గుంతల ఇన్‌స్పెక్టర్ మాల్యాద్రి కొలతలకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. చంకలో ఫారాల సంచీ, చేతిలో గుండ్రతనం చూసే ఇత్తడి చట్రం. చట్రాన్ని గుంతకి ఆనించాడు. ఎటు తిప్పినా కూర్చోలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది గుంత కాదమ్మా."

"మరేందయ్యా?" అంది మస్తానమ్మ.

"బర్రె."

మస్తానమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "అవునయ్యోయ్, మన బర్రే! కుడికొమ్ము వంకర గూడా అట్టాగే దించింది. ఏందమ్మే ఇది? బర్రెకి చెప్పులేందే?"

"ఎండలొస్తన్నయి గదమ్మా," అంది సుప్రజ.

"నా చెప్పు తెగి మూడు నెల్లయింది. నువ్వు దానికి కొత్తయి ఏస్తన్నావా?"

మాల్యాద్రి ఫారం తీశాడు. "లోతు సరిపోయింది. పిల్ల కుదురుగానే కూచుంటంది, దాంట్లో వంక పెట్టేదానికి లేదు. ఆకారం దగ్గర మాత్రం రెండే ఉన్నయి. గుండ్రం, గుండ్రం కాదు. గుండ్రం కాదు అని రాస్తే పదైదు రోజుల్లో సిమెంటుతో పూడ్చాల."

"బర్రె అని రాయకూడదా సార్?" అంది సుప్రజ.

"కాలమ్ లేదు."

"ఇంకొక్క చెప్పుంది సార్. అదయినాక పూడ్చుకోండి."

"నోటీసులో చెప్పుల సంగతి ఉండదు పాపా."

"పూడ్చినాక మళ్లా మొదట్నించీ గుండ్రంగా చూడాల్నా?"

"చూడాల. మేం చూడలా?" అన్నాడు మాల్యాద్రి.

మాల్యాద్రి ఆఫీసులో ఆయన కుర్చీకి ఎదురుగా గోడకి ఒక పెద్ద క్యాలెండరు వేలాడుతుంటుంది. నెల మారినా దాని కాగితం ఎవరూ ఎత్తరు, దాని వెనక గోడ ఎలా ఉందో ఎవరూ చూడలేదు. ఆ సంగతి ఆయన ప్రస్తావించలేదు, ఫారంలో అలాంటి కాలమ్ కూడా లేదు. నోటీసు ఇచ్చి, వాకిట్లో బండి స్టార్ట్ చేసి, మళ్లీ ఆపాడు. "ఎనక ఎడంకాలిదే గదా మిగిలింది?" అని కిటికీలోంచి అడిగాడు. అవునంది సుప్రజ. "ఊఁ," అని వెళ్లిపోయాడు.

ఉన్నవి పదిహేను రోజులు. రోజంతా కూర్చుంటే చెప్పుకి పన్నెండు రోజులు చాలు. కాలేజీకి పోయొస్తూ చూస్తే ఇరవై దాటుతాయి. కాలేజీ మానతానంటే ఏడుకొండలు ఒప్పుకోలేదు. "బర్రె కాలికి చెప్పెయ్యాలని లెటరు రాసియ్యనా మీ ప్రిన్సిపాలుకి?" అన్నాడు. సుప్రజ తెల్లారి లేచి ఒక గంట, బస్సు దిగగానే రెండు గంటలు ఒక కన్ను మూసుకుని కూర్చుంది. ఆ రోజుల్లో మస్తానమ్మ అంగడికీ పిండిమరకీ తనే వెళ్లొచ్చింది, తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని.

పదో రోజున మేస్త్రి ఖాజావలి తాపీ, గమేళా పట్టుకుని వచ్చాడు. శాఖ తరఫున ఊళ్లో గుంతలన్నీ పూడ్చేది ఆయనే. సిమెంటు కలిపి, గోడ ముందు పీట వేసుకుని కూర్చుని, కాసేపు చూశాడు.

"ఈ మూడు చెప్పుల వారు ఇట్టా రాదు పాపా. మరి బొటనేలు ఏడ దూరద్ది?"

"బర్రెకి బొటనేలు ఉండదు గద మామా."

"అదీ నిజమే," అన్నాడు ఖాజావలి. అయితే నాలుగోదాని వారుని ఎక్కడ బిగించాలా అని ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. ఆలోచన తెగేసరికి గమేళాలో సిమెంటు గడ్డకట్టింది. పని పుస్తకంలో 'సిమెంటు గడ్డకట్టినది, పని రేపటికి' అని రాసుకుని వెళ్లాడు. మర్నాడు కూడా గడ్డకట్టింది. మూడోనాడు అసలు సిమెంటు లేకుండానే వచ్చి, అదే వాక్యం రాసుకున్నాడు.

సంగతి ఊరంతా పాకింది. బర్రెని చూడ్డానికి పిల్లలు వరసకట్టారు. వచ్చినవాళ్లు ఊరికే పోలేదు, ఇళ్లకెళ్లి తమ గుంతల అంచుల వెంట చూడ్డం మొదలుపెట్టారు. చెరుకూరివాళ్ల ఇంట్లో కాకి ముక్కు బయటపడింది. పోస్టాఫీసు పక్కింట్లో, ఊళ్లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగి ఉన్నట్టుగా తయారవసాగింది. సాయంత్రాలు ఇళ్లలోంచి నవ్వులు వినబడేసరికి, ఎవరింట్లో ఏం జరిగిందోనని పెద్దవాళ్లు వాకిళ్లలోకి వచ్చి చూసేవారు.

పద్నాలుగో రోజున జిల్లా గుంతల అధికారిణి జీపులో దిగింది. మాల్యాద్రి, ఖాజావలి చేతులు కట్టుకుని నిలబడ్డారు. చెప్పుకి అప్పటికి అడుగు మాత్రమే పడింది, వారు పడలేదు. అధికారిణి కళ్లజోడు సర్దుకుని బర్రెని చాలాసేపు చూసింది.

"ఎవరు వేశారు?"

"నేనే మేడం," అంది సుప్రజ.

"ఎవరు నేర్పారు?"

"కుర్చీ మేడం."

అధికారిణి ముచ్చటపడింది. ఇలాంటి ప్రతిభని పూడ్చడం నేరమని అక్కడికక్కడే అంది. మాల్యాద్రి నోటీసుని నాలుగు ముక్కలు చేశాడు. మస్తానమ్మ టీ పెట్టింది. అందరూ నవ్వుతుండగా సుప్రజ అడిగింది: "ఈ చెప్పొకటి పూర్తి చేసుకోనా మేడం?"

"ముందు ఫోటో తియ్యనివ్వమ్మా," అంది అధికారిణి.

ఫోటో తీశారు. కాలి కింద పడిన చెప్పు అడుగు పెచ్చు ఊడినట్టు కనబడుతోందని, ప్రింటులో దాన్ని తీసేశారు.

జూన్‌లో సర్క్యులర్ వచ్చింది. చూపుకళ అనేది నలభై మార్కుల సబ్జెక్టయింది. జువ్వలపాడు బర్రె దానికి నమూనా. ప్రతి విద్యార్థీ మంగళ, శుక్రవారాల్లో నలభై నిమిషాలు పుస్తకంలో బొమ్మని చూస్తూ, తన ఇంటి గోడ మీద అదే బర్రెని, అవే కొలతలతో, మూడు చెప్పులతో తియ్యాలి. తల్లిదండ్రులు రికార్డులో సంతకం పెట్టాలి. కాకులు, బస్సులు సిలబస్‌లో లేవు కాబట్టి ఖాజావలి వాటిని పూడ్చాడు. ఈసారి సిమెంటు గడ్డకట్టలేదు, దగ్గర ఒక మనిషిని నిలబెట్టారు.

అసలు బర్రెకి అద్దం బిగించి తాళం వేశారు. చూస్తే అరుగుతుంది కాబట్టి అద్దం మీద నల్లగుడ్డ కప్పారు. నెలకోసారి మాల్యాద్రి వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని గుడ్డ ఎత్తి, దుమ్ము దులిపి, మళ్లీ కప్పేవాడు. నాలుగో చెప్పు సంగతి సుప్రజ మరోసారి అడిగింది. నమూనా అచ్చయిపోయిందనీ, ఇప్పుడు చెప్పు వేస్తే లక్షన్నర పుస్తకాలు తప్పవుతాయనీ జవాబొచ్చింది.

ఆమె కుర్చీని ఎదుటి గోడకి తిప్పారు. ఆ ఏడంతా సుప్రజ అక్కడ రెండో బర్రెని తీసింది. కాళ్లు నాలుగు ఉన్నాయి కాబట్టి చెప్పులూ నాలుగు వేసింది. పరీక్షకి వచ్చినాయన పుస్తకంతో సరిచూసి, నలభైకి ఇరవై ఒకటి వేశాడు. కారణం దగ్గర 'ఆధారం లేని చెప్పు' అని రాశాడు. పరీక్ష అయిన గోడని అదే రోజు పూడ్చేశారు.

"ఒక్క చెప్పుకి పంతొమ్మిది మార్కులా!" అంది మస్తానమ్మ మార్కుల కాగితం చూసి. "అంతకంటే నా కాళ్లకి కొనుక్కున్నా అయిపోయేది గదే."

మిగతా ఊరు మాత్రం మంచి మార్కులతో బయటపడింది. మాల్యాద్రి చట్రం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. పిల్లలు ఒకసారి పుస్తకాన్నీ, ఒకసారి గోడనీ, పదిసార్లు గడియారాన్నీ చూసి చూసి, కొమ్ములు అరిగి, కాళ్లు అరిగి, చెప్పులు పొట్టలో కలిసిపోయాయి. ఏ ఇంట్లో పెట్టినా చట్రం చక్కగా కూర్చుంది. ఊరంతా గుండ్రం. లోతు మాత్రం వయసుకి రావలసినదానికంటే రెండు వేళ్లు ఎక్కువే పడింది. సబ్జెక్టు విజయవంతమైందని శాఖ ప్రకటించింది.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మాల్యాద్రి అద్దం దుమ్ము దులపడానికి వచ్చాడు. మస్తానమ్మ మామిడికాయ పప్పు దించి, అటక కింద అన్నాలకి పళ్లేలు సర్దుతోంది. పక్కన మంచం మీద సుప్రజ వెల్లకిలా పడుకుని, ఒక కన్ను మూసి పైకి చూస్తోంది. పైనుంచి సన్నగా సున్నం రాలుతోంది.

మాల్యాద్రి తలెత్తాడు. అటక అడుగున ఒక చెప్పు ఉంది. జానెడు పొడవు, వారు మీద కుట్టుతో సహా.

"ఎనక ఎడంకాలిదేనా?"

"అవున్సార్. నోటీసు ఇస్తారా?"

మాల్యాద్రి ఫారం తీసి అటూ ఇటూ తిరగేశాడు. "పైకప్పుకి కాలమ్ లేదు. మా శాఖ గోడల వరకే."

"మరి పైకప్పు ఎవరి కిందికొస్తది?"

"ఆ శాఖ ఇంకా పెట్టలా."

"పెడతారా సార్?"

"పెట్టకుండా ఉంటారా! ఈ లోపల కానీ," అని ఆయన కాలు విరిగిన కుర్చీ లాక్కుని, మంచం పక్కన వేసుకుని కూర్చున్నాడు. సరిగ్గా ఆ చెప్పుకి పైనే, అటక మీద, పన్నెండు రంగుల పెన్సిళ్ల డబ్బా ఉంది. ఇంకెన్ని వేళ్ల మందం మిగిలిందో సుప్రజకి ఒక్కదానికే తెలుసు.

మాల్యాద్రి కూడా కాసేపు పైకి చూశాడు. పంతొమ్మిది దాటిన చూపులో పదును ఉండదని శాఖ నమ్మకం. అయినా ఆయన చూసిన చోట కూడా చిటికెడు సున్నం రాలింది. అది ఏ ఫారంలోనూ ఎక్కలేదు. మస్తానమ్మ పప్పు గిన్నె మీద మూత పెట్టి, పళ్లేలు రెండడుగులు పక్కకి జరిపింది.