నకిలీ పార్టీకి అసలు అనుమతి

సముద్రాన్ని ఎవరు సృష్టించారన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు గానీ, దాని ఒడ్డున ఆనందించడానికి కావలసిన దరఖాస్తును సృష్టించింది మాత్రం సాన్ ఓర్సో కౌంటీ తీర వినోద క్రమబద్ధీకరణ విభాగమే. 1986 నాటికి యావత్ కాలిఫోర్నియాలో అంత సమర్థమైన విభాగం మరొకటి లేదు. అందులో పనిచేసే అధికారి ఒక్కడే. పేరు వెండెల్ ప్రాట్, వయసు ముప్పయ్యయిదు. (అభిప్రాయ భేదాలు లేకపోవడమే సామర్థ్యానికి మూలమని విభాగం వార్షిక నివేదికలో ఉంది. నివేదిక రాసిందీ ప్రాటే.)

ప్రాట్ సముద్రం చూస్తూ పెరిగినవాడు కాదు. బేకర్స్‌ఫీల్డ్‌లో, చమురు బావుల పక్కన, దుమ్ములో పెరిగాడు. పన్నెండేళ్లప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం సినిమా ఆటలో హీరో డ్యూక్ హాన్రహన్‌ను చూశాడు. తెరమీద ఇంటెత్తు అల లేచింది. దాని మీద అలలపై జారే పలక, పలక మీద డ్యూక్, డ్యూక్ చేతిలో గిటారు. అల విరిగి పడుతున్నా తలలో ఒక్క వెంట్రుక కదల్లేదు. బతికితే ఆ ఒడ్డునే బతకాలని కుర్రవాడు నిర్ణయించుకున్నాడు. పెద్దయ్యాక వచ్చి తీర రక్షకుడి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. చూపు ఆనడం లేదని కళ్లజోడు రాసి, కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలోంచి చూస్తే సముద్రం కనబడదు, పార్కింగు కనబడుతుంది.

జూన్ నెలలో ఒక మంగళవారం ఆ కుర్చీ ముందుకు ముగ్గురు వచ్చారు. ముందు నిలబడ్డ యువకుడు టాడ్ అనే దర్శకుడు. పాత బీచ్ పార్టీ సినిమాలను ప్రేమగా వెక్కిరిస్తూ, ఆనాటి తారలతోనే హాస్య చిత్రం తీస్తున్నాడు. రెండో మనిషి లోరెట్టా ఫెయిన్. ఆ సినిమాల్లో ఆరింటిలో హీరోయిన్ పక్కన నిలబడి నవ్వింది. ఇప్పుడు ఒక పళ్ల డాక్టరు దగ్గర ఫోనెత్తుతోంది. మూడోవాడు, పొట్ట మీద పూల చొక్కా బిగిసిపోయి, మోకాలు పట్టుకుని కుర్చీ కోసం వెతుక్కుంటున్న పెద్దమనిషి.

అతన్ని గుర్తుపట్టగానే ప్రాట్ లేచి నిలబడ్డాడు. లేచిన కారణం నిబంధనల్లో లేనందువల్ల మళ్లీ కూర్చున్నాడు.

"పార్టీ నిజమా, నటనా?" అని అడిగాడు, గొంతు సవరించుకుని.

"సినిమా కదండీ, నటనే," అన్నాడు టాడ్.

"నిజమైతే తొమ్మిది మందికి మించకూడదు. పాట కూడదు, మంట కూడదు. నటనైతే ఎంతమందైనా రావచ్చు. కానీ ఎవరూ నిజంగా సంతోషించకూడదు. తనిఖీకి నేను వస్తాను."

"ఆ భయమేం పెట్టుకోకు నాయనా," అంది లోరెట్టా. "ఆరు సినిమాలు నవ్వాను. అందులో ఒక్క నవ్వూ నాది కాదు."

"అది రాసిస్తారా?"

రాసిచ్చింది. ప్రాట్ ముద్ర వేశాడు.

దరఖాస్తులో సాసేజీలు ఆకలి కోసమా, దృశ్యం కోసమా అన్న గడి దాటారు. (దృశ్యం కోసం. మింగినవారు విడిగా దరఖాస్తు చేసుకోవాలి.) బికినీలు చారిత్రకమా, సమకాలీనమా అన్నది దాటారు. ముప్పయ్యొకటో గడి దగ్గర ప్రాట్ కలం ఆగింది. యాభై దాటిన నటులు నీళ్లలో దిగాలంటే ఈత వచ్చన్న పత్రం జతచేయాలి.

"ఇది ఊరికే లాంఛనమండీ," అన్నాడు ప్రాట్, తొమ్మిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి చిరునవ్వు లాంటిది ప్రయత్నిస్తూ. "హాన్రహన్ గారిని ఈ ప్రశ్న అడగడానికి నాకే సిగ్గుగా ఉంది. 'వచ్చు' అని సంతకం పెట్టండి, చాలు."

డ్యూక్ కలం తీసుకున్నాడు. పెట్టబోయి, లోరెట్టా వైపు చూశాడు.

"చెప్పెయ్ డ్యూక్," అంది ఆవిడ. "ఇరవై మూడేళ్లు మోశావు, చాల్లే."

"నాకు ఈత రాదు బాబూ," అన్నాడు డ్యూక్.

"అంటే... ఇప్పుడు మోకాలి నొప్పి వల్లనా?"

"ఎప్పుడూ రాదు. ఆ పలకని స్టూడియోలో బల్లకి బిగించేవాళ్లు. వెనక తెరమీద ఎవరివో అలలు. ఒకడు బక్కెట్టుతో నీళ్లు కొట్టేవాడు. నాకు నీళ్లంటే భయమని మెల్లగా కొట్టేవాడు పాపం, మంచి మనిషి."

"మరి జుట్టు?"

"విగ్గు."

పార్కింగులో ఎవరో కారు వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపించింది. ప్రాట్ కళ్లజోడు తుడుచుకుని, ముప్పయ్యొకటో గడిలో 'రాదు' అని చక్కటి దస్తూరితో రాశాడు.

అనుమతి మాత్రం ఇచ్చాడు. ఈత రానివారు మోకాలి లోతు వరకు దిగవచ్చు, నీళ్ల కింద ఇద్దరు తీర రక్షకులు బోర్లా పడుకుని పలకను పట్టుకోవాలి అనే ఉపనిబంధన ఒకటి కనిపెట్టాడు. (అది అంతకుముందు లేదు. ఆ మధ్యాహ్నమే టైపు చేసి, పాత తేదీ వేశాడు. అతని ఉద్యోగ జీవితంలో అవినీతి అంటే ఇంతే.)

షూటింగు రోజు ఒడ్డున డెబ్బై మంది నకిలీగా ఎగిరారు. ప్రాట్ టై కట్టుకుని, కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని వాళ్ల మధ్య తిరుగుతూ సంతోషించినట్టు అనుమానం వచ్చినవారిని పక్కకు పిలిచి హెచ్చరించాడు. లోరెట్టా దగ్గర రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

"అమ్మా, ఆ నవ్వు..."

"రాసుకో నాయనా. ఈ వయసులో నన్ను అనుమానించావు, అదే పదివేలు."

ఆ తరవాత డ్యూక్ పలక ఎక్కాడు. చేతిలో గిటారు, తలమీద కొత్త విగ్గు. కింద రక్షకులు ఊపిరి బిగబట్టారు. ఒక చిన్న అల, కుక్కపిల్ల వచ్చినట్టు వచ్చింది. పలక ఒరిగింది. డ్యూక్ వెల్లకిలా పడ్డాడు. విగ్గు ఒక వైపు, గిటారు ఒక వైపు. "అమ్మో! అమ్మో!" అని అరుస్తూ చేతులు కొట్టుకున్నాడు. అదంతా నటన అనుకుని డెబ్బై మందీ పగలబడి నవ్వారు. ఒక్క లోరెట్టా మాత్రం "వాడికి నిజంగానే భయంరా!" అని కేక పెట్టింది.

ప్రాట్ అట్ట విసిరేశాడు. బూట్లతో, టైతో, కళ్లజోడు జారిపోతుండగా పరుగెత్తి నీళ్లలో పడ్డాడు. డ్యూక్‌ను చంకల కింద పట్టుకుని లేవదీసి, పసిపిల్లాడిని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకున్నాడు.

"పట్టుకున్నాను సార్. వదలను. వదలను సార్."

డ్యూక్ అతని మెడ చుట్టూ చేతులు వేసి కాసేపు అలాగే ఉండిపోయాడు. కెమెరా ఆగలేదు. టాడ్ తెలివైనవాడు, ఆపనివ్వలేదు.

ఆ సినిమాలో జనం అన్నిటికన్నా ఎక్కువ నవ్వింది ఆ టై మనిషి పరుగుకే. బేకర్స్‌ఫీల్డ్‌లో ఈలలు కూడా వేశారట.

అయితే అనుమతి పత్రంలోని నటుల జాబితాలో వెండెల్ ప్రాట్ పేరు లేదు. అనుమతి లేకుండా నటించినందుకు విభాగం అతనికి తాఖీదు పంపింది. విభాగమంటే తనే కాబట్టి, విచారణా తనే జరిపి, సర్వీసు పుస్తకంలో నల్లగీత గీశాడు. ఆ పైన అప్పీలు పెట్టుకున్నాడు. 'ఆయన మునిగిపోతాడని భయమేసింది' అని అందులో కారణం రాశాడు.

అప్పీలు కూడా తన బల్ల మీదికే వచ్చింది. ప్రాట్ దాన్ని రెండుసార్లు చదివి, నీటి లోతు మోకాలి వరకే ఉన్నందున దరఖాస్తుదారుడి ప్రేమకు తగిన ఆధారం లేదని తిరస్కరించాడు.