ఇరవై ఆరు, లోపల ఒకటి

మోరిస్‌విల్‌లో ఒక ఇంటికి శనిదోషం ఉన్నట్టు ఏప్రిల్‌లో నిర్ధారణ అయింది. ఇంటి నంబరు 26. రెండూ ఆరూ కూడితే ఎనిమిది. ఎనిమిది శనిది. పాఠకుల్లో ఎవరైనా ఈపాటికి తమ ఇంటి నంబరు కూడుకోవడం మొదలుపెట్టి ఉంటే, ముగించి రావచ్చు.

యజమాని దక్షిణామూర్తి గారు గణితం ప్రొఫెసరుగా రిటైరయ్యారు. భార్య సరోజ గారి మోకాళ్లు మెట్లెక్కడం మానేశాయి. పడకగది పై అంతస్తులో ఉంది. ఈ ఇల్లు అమ్ముడైతే శాంటా క్లారాలో కూతురు విద్యకు దగ్గరగా మెట్లు లేని ఇల్లు కొనుక్కోవచ్చు. అమ్ముడయ్యేదాకా సరోజ గారు కింద సోఫాలో పడుకుంటారు.

చూడటానికి వచ్చినవారందరూ ఇంజనీర్లు. వారిలో అఖిల్, ఆధారం లేని సమాధానాలు చెప్పకుండా కంప్యూటర్లకు శిక్షణ ఇచ్చే విభాగానికి అధిపతి.

“హౌస్ సూపర్ అంకుల్. ఈస్ట్ ఫేసింగ్, కిచెన్ కరెక్ట్ కార్నర్‌లో ఉంది. నంబరే ప్రాబ్లం,” అన్నాడు.

“ఇరవై ఐదు, ఐదుకి వర్గం. ఇరవై ఏడు, మూడుకి ఘనం. ఒకటి నుంచి ఎంత దూరం లెక్కపెట్టినా, ఒక వర్గానికీ ఒక ఘనానికీ మధ్యన, రెంటికీ సరిగ్గా ఒక్కటే తేడాతో ఉండేది ఇరవై ఆరు ఒక్కటే బాబూ,” అన్నారు ప్రొఫెసరు.

“ప్రూవ్ చేశారా అంకుల్?”

“ఎప్పుడో చేశారు.”

“మరి శని లేదని ప్రూవ్ చేశారా?”

అఖిల్ బూట్లు తొడుక్కున్నాడు.

విషయం తెలుగు సంఘం దృష్టికి వచ్చింది. అధ్యక్షుడు కృష్ణమోహన్ గారు ప్రత్యేక సమావేశం ఏర్పాటు చేసి, సమోసాల అనంతరం ప్రసంగించారు. “మన సంఘానికి మూఢనమ్మకాలు లేవు. ఉన్నవాళ్ల మనోభావాలు దెబ్బతినకూడదన్నదే మన ఏకైక నమ్మకం!” చప్పట్ల మధ్య తీర్మానం ఆమోదం పొందింది. తలుపు లోపలివైపు ‘1’ అంకె స్టిక్కరు అంటించాలి. మొత్తం తొమ్మిది అవుతుంది. తొమ్మిదిపై ఫిర్యాదులు లేవు.

“లోపల అంటిస్తే అడ్రస్ మారదు కదండీ?” అన్నారు ప్రొఫెసరు.

“మారకపోవడమే దాని గొప్పతనం మాస్టారూ. పోస్ట్‌మ్యాన్‌కి ఎనిమిది, గ్రహాలకి తొమ్మిది.”

గ్రహాలు ఇంట్లోకి వచ్చి, తలుపు వేసి చూస్తాయా అన్న ప్రశ్నను సమయాభావం వల్ల చర్చకు తీసుకోలేదు.

ప్రొఫెసరు ససేమిరా అన్నారు. సంఖ్యకు అబద్ధం అంటించనన్నారు.

“ఆ వర్గం ఒక రెక్క, ఘనం ఒక రెక్క పట్టుకుని నన్ను మేడమీదికి తీసుకెళ్తాయా?” అన్నారు సరోజ గారు సోఫా మీంచి. “తీసుకెళ్లకపోతే అంటించండి.”

అంటించారు. స్టిక్కర్లు విడిగా అమ్మరు కాబట్టి, ఒక్కో అంకె నాలుగేసి ఉన్న షీటు కొన్నారు. అఖిల్ తిరిగొచ్చి, తలుపు వెనక చూసి, అంకెను వేలితో తడిమి, “ఇప్పుడు పర్ఫెక్ట్ అంకుల్,” అన్నాడు. ఇల్లు అమ్ముడైంది.

శాంటా క్లారాలో మెట్లు లేని ఇల్లు దొరికింది. నంబరు 107. కూడితే ఎంతో పాఠకులకు చెప్పనక్కర్లేదు. అది ప్రధాన సంఖ్య అని, ఒకటీ తానూ తప్ప మరేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదని ప్రొఫెసరు కూతురికి వివరించారు. గృహప్రవేశం రోజున విద్య తలుపు వేస్తే లోపలివైపు ‘1’ కనిపించింది.

“నాన్నా! నువ్వు కూడానా?”

“నమ్మకం కాదమ్మా,” అన్నారాయన, షీటును డ్రాయరులో పెడుతూ. “రీసేల్ వాల్యూ.”

షీటులో ఇంకా రెండు ఒకట్లు మిగిలాయి. లెక్కలో ఎనిమిది వచ్చిన పాఠకులు ఆయనను సంప్రదించవచ్చు.