రాజ్యలక్ష్మమ్మ ఇంటి ముట్టు శాఖ

ఈ దేశంలో సెలవు తీసుకోకుండా, లంచం అడగకుండా, కోర్టు మెట్లు ఎక్కకుండా నడిచే శాఖ ఒక్కటే ఉంది. అది ముట్టు శాఖ. దానికి బోర్డు లేదు, బడ్జెట్ లేదు, అయినా ఇంటికొక అధికారి ఉంటుంది. కడపలో బియ్యం అంగళ్ల వెనక సందులో ఆ అధికారి పేరు రాజ్యలక్ష్మమ్మ.

ఈ పదవికి పరీక్ష లేదు. తనకు ముట్టు ఆగిపోయి ఉంటే చాలు. (పని చేయడం మానేసినవాళ్లకే ఆ పని మీద పెత్తనం ఇచ్చే పద్ధతి పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా ఉందని వినికిడి.) పక్కనే పేరంటాల శాఖ అని ఇంకొకటి ఉంది. భర్త పోయిన దినం నుంచి ఆ శాఖ రాజ్యలక్ష్మమ్మను గడప తొక్కనివ్వలేదు. అక్కడి నియమాల్లో దయాదాక్షిణ్యాలు లేవని ఆమె అభిప్రాయం.

తన శాఖ నియమాలు మాత్రం చాలా న్యాయమైనవి. ముట్టయిన మనిషి మూడు దినాలు వసారాలో ఉండాలి. వంటింట్లోకి, దేవుని గదిలోకి రాకూడదు, ఊరగాయ జాడీల మీద నీడ కూడా పడకూడదు. అన్నం తట్టలోకి పైనుంచి వేస్తారు. నాలుగోనాడు తలకు పోసుకొని లోపలికి రావాలి. ఇన్నేళ్లలో ఈ నియమాల మీద ఒక్క అర్జీ రాలేదు. ఎవరూ అర్జీ పెట్టకపోవడమే తన పాలన గొప్పదనమని ఆమె నమ్మింది.

కోడలు నాగశ్రీకి రెండో కానుపులో రక్తం చాలా పోయింది. డాక్టరమ్మ ఆమె మొగుడు వాసుదేవ్‌ను పిలిచి, ఇప్పట్లో ఇంకో కానుపు వస్తే మనిషి దక్కదని చెప్పి, గర్భం రాకుండా రోజూ మింగే మాత్రలు రాసిచ్చింది. వాసుదేవ్ తల ఊపి అంగడికి పోయాడు. (ఈ వ్యవహారంలో ఆయన పాత్ర ఇంతటితో సమాప్తం.) మాత్రలను రాజ్యలక్ష్మమ్మ తీసుకుంది. కోడలి ప్రాణం కాపాడే వస్తువు కాబట్టి దాన్ని దేవుని గూట్లో, మహానందీశ్వరుని పటం వెనక భద్రం చేసింది. సాయంత్రం దీపం పెట్టినాక నాగశ్రీ అక్కడే నిలబడి మాత్ర మింగాలి.

కొన్నాళ్లకు, నెల తిరగకముందే, నాగశ్రీ బట్ట మీద చుక్క కనబడింది.

శాఖలో కలకలం రేగింది. నియమాల్లో నెలకోసారి అని ఉంది గాని, ఎప్పుడు పడితే అప్పుడు అని లేదు. అదీగాక రంగు ఎరుపు కాదు, కాఫీ డికాక్షన్ రంగు. రాజ్యలక్ష్మమ్మ ఎదురింటి మహాదేవమ్మను సలహా సంఘంగా నియమించింది. రంగు ఏదైతేనేమి, మనం మాత్రం చూడలేదని దేవునికి చెప్పగలమా అని సంఘం అడిగింది. నాగశ్రీని వసారాలో కూచోబెట్టారు.

నాలుగోనాడు లోపలికి వచ్చింది. వారం తిరగకుండా మళ్లా చుక్క, మళ్లా వసారా. ఇట్లా అయితే ఇల్లు నడవదని సంఘం మళ్లీ కూచొని, అరముట్టు అనే కొత్త తరగతిని సృష్టించింది. అరముట్టులో ఉన్న మనిషి ఉల్లిగడ్డలు తరగవచ్చు, ఉప్పు ముట్టకూడదు. బిడ్డకు పాలివ్వవచ్చు, పాలగిన్నె దించకూడదు. గడప మీద కూచోవచ్చు, కాళ్లు మాత్రం బయటికి పెట్టుకోవాలి. ఇది చాలా ఉదారమైన సంస్కరణ అని ఇద్దరు పెద్దమనుషులూ ఒకరినొకరు మెచ్చుకున్నారు.

సంస్కరణ తరువాత కూడా వంట, పిల్లలు, అంగడికి క్యారియరు అన్నీ రాజ్యలక్ష్మమ్మ నెత్తినే పడ్డాయి. మోకాళ్లు మొరపెట్టుకున్నాయి. కోడలి మీద దిగులుతోనే ఆసుపత్రికి తీసుకుపోయానని తరువాత ఆమె సందంతా చెప్పింది. మోకాళ్ల సంగతి చెప్పలేదు.

ఆసుపత్రిలో చీటీకి ఒక వరుస, ఆ చీటీ మీద ముద్రకు ఇంకో వరుస. అన్నీ దాటి నర్సు రెజీనా ముందుకు చేరారు. మొత్తం విని ఆమె నాగశ్రీని ఒకటే అడిగింది.

"మాత్ర రోజూ మింగుతాండావా పాపా?"

నాగశ్రీ అత్త వైపు చూసింది. అధికారి హోదాలో రాజ్యలక్ష్మమ్మే బదులిచ్చింది.

"బయట ఉన్న దినాల్లో మింగదు తల్లీ. అవి దేవుని గూట్లో ఉండాయి గదా. అయినా మొగుని పక్కన పండుకోని దినాల్లో మాత్ర ఎందుకు, దండగ."

రెజీనా పెన్ను కింద పెట్టింది.

"పెద్దమ్మా, మాత్ర ఎగ్గొడితే చుక్క వస్తాది. చుక్క వస్తే నువ్వు బయట కూచోబెడతాండావు. బయట కూచుంటే మాత్ర లేదంటాండావు. ఇంగ ఈ పిల్ల లోపలికి వచ్చేదెప్పుడు?"

మొదటి నెలల్లో కొంచెం చుక్కలు కనబడటం మామూలేననీ, అది ముట్టు కాదనీ, భయపడి మాత్ర మానకూడదనీ ఆమె నిదానంగా చెప్పింది. ఎక్కువైనా, ఆగకపోయినా మళ్లీ రమ్మంది. ఇన్ని మాత్రలు ఎగ్గొట్టినాక గర్భం నిలిచి ఉండవచ్చు కాబట్టి పరీక్ష చేయాలని, నాగశ్రీ చేతికి మూత్రం పట్టే చిన్న డబ్బా ఇచ్చింది.

పరీక్ష ఫలితం కోసం ఇద్దరూ బెంచీ మీద కూచున్నారు. రాజ్యలక్ష్మమ్మకు కానుపు నాటి మంచం గుర్తొచ్చింది, సున్నం కొట్టినట్లు తెల్లబడిన కోడలి మొహం గుర్తొచ్చింది. ఆ ప్రాణాన్ని కాపాడే మాత్రలకు ఇన్నాళ్లు తానే తాళం వేసి, తానే కాపలా ఉంది. కాపలా మాత్రం ఎక్కడా లోపం లేకుండా జరిగింది.

"నిలిచింటే ఏం చేస్తావత్తా?" అనింది నాగశ్రీ, ఆమె వైపు చూడకుండా.

రాజ్యలక్ష్మమ్మ నియమాలన్నీ మనసులో ఒకసారి తిరగేసింది. దీనికి ఏ నియమమూ లేదు. కోడలి చెయ్యి పట్టుకుంది. (పట్టుకున్నాక గుర్తొచ్చింది, ఆ దినం కోడలు అరముట్టు అని. అయినా వదల్లేదు.)

రెజీనా బయటికి వచ్చి, "ఏం లేదులే. ఈసారికి తప్పించుకున్యారు" అనింది. కొత్త మాత్రల అట్ట ఇచ్చి, చుక్క ఉన్నా లేకున్నా రోజూ ఒకే వేళకు మింగమంది. కొన్నాళ్లు మొగుడు కూడా జాగ్రత్తగా ఉండాలని వాసుదేవ్ కోసం ఒక పొట్లం ఇచ్చింది. శాఖ చరిత్రలో ఒక మగవాని మీద బాధ్యత పడటం ఇదే మొదలు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. మహాదేవమ్మ ససేమిరా అనింది. రాజ్యలక్ష్మమ్మ పట్టు విడవలేదు. తాను చేసిన చట్టాన్ని తానే ఎదిరించి మాట్లాడింది. చివరికి మాత్రకు ముట్టు అంటదని తీర్మానం నెగ్గింది. ఇకమీదట మాత్ర ఏ దినమైనా, ఏ గదిలోనైనా, ఎవరి చేతిలోనైనా ఉండవచ్చు, దాన్ని ఎవరూ దూరం పెట్టకూడదు.

ఆ పూట కూడా చుక్క కనబడింది కాబట్టి, ఈ తీర్మానాన్ని నాగశ్రీ వసారాలో కూచొని విన్నది.