మైదా అక్షరాలు

ఉదయగిరి దర్జీ అమానుల్లా ఆ పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. కబాడీ జట్టు బనీన్లు ఏడింటికీ వీపు మీద ఎర్రగుడ్డలో కత్తిరించిన 'ఉదయగిరి' కుట్టి, పదకొండు గంటల ఆత్మకూరు బస్సు వేళకు అందించాలి.

చిక్కల్లా ఆయన కళ్ళతోనే. ఏడాదిగా సూదిలో దారం ఎక్కించేది ఆయన భార్య చాంద్‌బీ. ఆ సంగతి ఇద్దరికీ తప్ప మూడోవాడికి తెలియదు. అయినా ఆయనకు చూపు తగ్గిందని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. బనీన్లు బాగా కుదిరితే ఆ నోళ్ళు మూతపడతాయి, లేదంటే బడిపిల్లల యూనిఫారాలు వేరే దర్జీకి పోతాయి. చెల్లెలికి జ్వరమని మర్రిపాడుకు మొదటి బస్సెక్కబోతూ చాంద్‌బీ మిషన్‌కు దారం ఎక్కించి, నిదానంగా తొక్కమని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

కత్తిరించడానికి ఆయనకు కళ్ళతో పనిలేదు. అక్షరం కొలతకు కోసిన అట్టముక్క అంచున వేలు నడిస్తే కత్తెర దాని వెనకే నడిచింది. ముప్పై అయిదు అక్షరాలూ ముచ్చటగా వచ్చాయి. ఆ సంబరంలో కాలు కాస్త జోరుగా తొక్కింది. మొదటి 'ఉ' సగంలో ఉండగానే దారం తెగింది.

గంటసేపు సూదితో కుస్తీ పట్టాడు. దారం సూదికి అటూ ఇటూ పోయిందిగానీ మధ్యలోకి పోలేదు. పక్కనున్న సైకిల్ షాపువాణ్ణి అడిగితే క్షణంలో పని. కానీ దర్జీ పోయి దారం ఎక్కించమని అడిగాక ఇంక అంగడి తెరవడం దేనికి? పాపం, గడప దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాడు. చివరికి మైదా ఉడికించి, అక్షరాలన్నీ అతికించి, పైన ఇస్త్రీపెట్టె నడిపించాడు.

జట్టు కెప్టెన్ హుసేనయ్య బనీను తిప్పి తిప్పి చూశాడు.

"ఒక్క కుట్టు గూడా కనపడలా మామా. నువ్వు ఆటకు రావాల్సిందే" అని బలవంతంగా బస్సెక్కించాడు. దారి పొడవునా అమానుల్లా ఆ కుర్రాళ్ళకు ఒకటే బోధ చేశాడు, చెమట పట్టకుండా ఆడమని.

ఆత్మకూరులో ఎండ మండిపోతోంది. హుసేనయ్య కూతకు వెళ్ళి, ఆత్మకూరు కెప్టెన్ సిద్ధయ్యను వీపుతో రాసుకుంటూ గీత దాటాడు. తనను తాకనే లేదని సిద్ధయ్య అడ్డం తిరిగాడు. అంపైరు అతని భుజం వంక చూశాడు. అక్కడ ఎర్రగా 'గి' అంటుకుని ఉంది. అమానుల్లా తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

తరువాతి కూతలో ఇంకొకడి మోచేతి మీద 'ద' దొరికింది. బుకాయించిన వాడల్లా ఒంటి మీద సాక్ష్యంతో పట్టుబడుతుంటే అంపైరుకు అదే అలవాటైపోయింది. చివర్లో సిద్ధయ్యే కూతకొచ్చి ఒకణ్ణి నిజంగానే తాకిపోయాడు. తాకి ఉంటే అక్షరమేదని అడిగాడు అంపైరు. ఉదయగిరి ఒక్క పాయింటుతో గెలిచింది.

అక్షరాలు ఊడటం ఆయన పన్నిన ఎత్తేనని కుర్రాళ్ళు మెళ్ళో దండ వేసేసరికి అమానుల్లాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. చేయని పనికి మర్యాద పుచ్చుకోవడం ఆయన వల్ల కాలేదు.

"నాకు చూపు ఆనడం లేదురా. సూదిలో దారం ఎక్కలా. అందుకే మైదాతో అతికించినాను" అని అందరి ముందూ చెప్పేశాడు.

ఒక్కడూ నమ్మలేదు. పనిలో కిటుకు దాచుకోవడానికి ముసలాయన ఎంత కథ అల్లాడో అని ఇంకాస్త మెచ్చుకున్నారు.

మర్నాడు సిద్ధయ్య అంగడి ముందు దిగాడు. కొట్లాటకే వచ్చాడనుకుని అమానుల్లా లేచి నిలబడ్డాడు. సిద్ధయ్య మాత్రం ఏడు బనీన్లు బల్ల మీద పెట్టి, తమకూ అట్లాంటి అక్షరాలే కావాలని, రేపటికల్లా ఇమ్మని బతిమాలాడు. అప్పుడే మర్రిపాడు నుంచి వచ్చిన చాంద్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అమానుల్లా బనీను గుడ్డను వేళ్ళతో తడిమి చూశాడు.

"కుట్టేదైతే రేపిస్తాను సిద్ధయ్యా. సమయానికి ఊడాలంటే వారం పడతాది."